గ్లౌజు కుట్టిన గురువారం

ముందే చెబుతున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతి దాకా చదివాను, అదీ సగం రోజులు ఎగ్గొట్టి. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఈ నాలుగు కాగితాలు రాయడానికి చాలా రోజులు పట్టింది. నవ్వొస్తే నవ్వుకోండి, మధ్యలో మాత్రం పక్కన పెట్టెయ్యకండి.

సౌదీలో తబూక్ అనే ఊళ్లో ఆరేళ్లున్నాను. రెండువేల సంవత్సరం దాటాక జరిగిన సంగతి. విదేశీ ఇంజనీర్లు కుటుంబాలతో ఉండే కాంపౌండులో నా పని. లోపల వాళ్లకొక బేస్‌బాల్ గ్రౌండు ఉండేది. గడ్డి లేదు, అంతా ఇసుకే. ఆట మన క్రికెట్ లాంటిదే అనుకోండి, కాకపోతే కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి రావాలి. ఇనుప జాలీని తాడుతో నడుముకు కట్టుకుని లాగి ఇసుక చదును చెయ్యడం, సున్నంతో గీతలు గీయడం నా డ్యూటీ.

గదిలో ఐదుగురం. మిగతా నలుగురూ కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లే. మన భాష మాట్లాడేవాళ్లు దొరికారని సంతోషపడాలి గానీ నాకు భయం వేసింది. మొదటి రోజే ఒకతను ఇంటిపేరు అడిగాడు.

"మీ నాయిన ఏం జేస్తడు?" అన్నాడు.

"ఎవుసం," అన్నాను.

మా నాన్న చెప్పులు కుట్టేవాడు. ఎనిమిదేళ్లప్పటి నుంచి నేనూ ఆయన పక్కన కూర్చుని కుట్టాను. బడికి సరిగా పోనిది అందుకే. మా ఊరి హోటల్లో మాకు టీ వేరే గ్లాసులో పోసేవాళ్లు. సముద్రం దాటి వచ్చాక కూడా అదే ఎదురవుతుందేమోనని అబద్ధం చెప్పాను.

చెప్పాక దాన్ని కాపాడుకోవాలి కదా. ఊరి ముచ్చట్లు మొదలైతే లేచి బయటికి పోయేవాణ్ణి. శుక్రవారం వాళ్లు కలిసి కూర వండుకుంటే కడుపు బాగాలేదనేవాణ్ణి. గ్రౌండు పక్కన సామాన్ల షెడ్డులో ఒక్కడినే కూర్చుని రొట్టె తినేవాణ్ణి. పొద్దున్నుంచి పడుకునేదాకా నోరు విప్పని రోజులున్నాయి. ఒక్కోసారి సున్నం డబ్బాతో మాట్లాడేవాణ్ణి, గొంతు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి.

నాతో మాట్లాడే మనిషి ఒక్కడే. అరవై దాటిన అమెరికా ఇంజనీరు. ఆయనకు తెలుగు, హిందీ రావు, నాకు ఇంగ్లీషు రాదు. ఇద్దరికీ వచ్చీరాని అరబ్బీ ఒక్కటే దిక్కు. ఒకరోజు ఆయన గుడ్డలో చుట్టిన తోలు గ్లౌజు, ఒక పాత ఫొటో తెచ్చాడు.

"జద్దీ," అన్నాడు ఫొటోలో మీసాలాయన మీద వేలు పెట్టి. మా తాత అని.

వందేళ్ల కిందటి సంగతులట. ఆ తాత బంతి ఆడి జీతం తీసుకునేవాడు. ఎండాకాలంలో ఉన్ని చొక్కా వేసుకుని ఆట, చలికాలంలో బొగ్గు గనిలో పని. గ్లౌజు చూస్తే అరచెయ్యి కంటే కాస్త పెద్దది, అంతే. ఇప్పటి వాటిలా బొటనవేలి పక్కన వల లేదు.

"దీంతో బంతి పట్టేవాడా?" అన్నాను.

"రెండు చేతులతో," అని తన వేళ్లు వంకరగా పెట్టి చూపించాడు. తాత వేళ్లు అలా అయిపోయాయట.

తమ జట్టు బ్యాటింగ్‌కు వెళ్లేటప్పుడు గ్లౌజులు గ్రౌండులోనే పడేసి పోయేవాళ్లట.

"అవతలి వాళ్లు తొక్కరా?"

"తొక్కుతారు. తట్టుకుని పడతారు కూడా!" అని పడ్డట్టు నటించి పకపకా నవ్వాడు.

రైళ్లలో ఊరూరా తిరిగేవాళ్లట. కొన్ని హోటళ్లలో వాళ్లను అందరితో పాటు కూర్చోనిచ్చేవాళ్లు కాదట.

"ఎందుకు?" అన్నాను. నా గొంతు నాకే వేరేలా వినబడింది.

"బంతి ఆడేవాళ్లు కదా. మంచివాళ్లు కాదని." తర్వాత గ్లౌజు తిప్పి అడుగున కుట్టు చూపించాడు. "ఇది తాత వాళ్ల నాన్న కుట్టాడు. గుర్రాలకు జీన్లు చేసేవాడు. తోలు పని."

ఆ మాట గట్టిగా చెప్పాడు, మురిసిపోతూ. తోలు పని అని ఒక మనిషి అలా చెప్పుకోవడం నేను అప్పటిదాకా వినలేదు.

బొటనవేలి దగ్గర కుట్టు విడిపోయింది. ఆ శుక్రవారం కాంపౌండు ఇంజనీర్లంతా పాతకాలం పద్ధతిలో ఆట పెట్టుకున్నారు. ఆ తర్వాతి వారం ఆయన ఉద్యోగం ముగించుకుని వెళ్లిపోతున్నాడు. తాత గ్లౌజుతో ఒక్క ఆట ఆడాలని కోరిక. బజారులో అడిగితే కుట్టడం రాదు, జిగురు పెడతామన్నారట.

"అనా," అన్నాను. నేను చేస్తాను అని. ఆ ఒక్క మాట అనేసి రాత్రంతా భయపడ్డాను.

షెడ్డులో కూర్చుని గుట్టుగా కుడదామనుకున్నాను. గురువారం షెడ్డులో పురుగుల మందు కొట్టి తాళం వేశారు. గదిలో వాళ్లు మధ్యాహ్నం బజారుకు వెళ్లేదాకా ఆగాను. సైకిలు చక్రం పుల్ల అరగదీసి, తోలుకు రంధ్రం పొడిచే ఆరె చేసుకున్నాను. దారానికి కొవ్వొత్తి మైనం రుద్దాను. నేల మీద కూర్చుని, గ్లౌజును రెండు పాదాల మధ్య బిగించి, ఒకే రంధ్రంలో అటొక సూది, ఇటొక సూది దూర్చి లాగాను. నాన్న కూర్చున్నట్టే కూర్చున్నానని నాకు తెలియనే లేదు.

తలుపు తెరుచుకుంది. మా గదిలో అందరికంటే పెద్దాయన, అన్న అని పిలిచేవాళ్లం. పర్సు మరిచిపోయి వెనక్కి వచ్చాడు. గ్లౌజును చూడలేదు, నా కాళ్లను చూశాడు.

"గట్ల కుట్టుడు ఏడ నేర్సినవ్?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తోలు పని అని ఇంజనీరు గట్టిగా అన్న మాట చెవుల్లో ఉంది.

"మా నాయిన కాడ."

"మీ నాయిన ఎవుసం జేస్తడంటివి గదనే?"

"అవద్ధం జెప్పిన అన్నా. చెప్పులు కుడ్తడు."

ఆయన పర్సు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "దారం గట్టిగ గుంజు, ఊడిపోతది," అని వెళ్లిపోయాడు.

శుక్రవారం ఇంజనీరు ఆడాడు. మొదటి బంతి రెండు చేతులతో పట్టి, గీతల అవతల నిలబడ్డ నా వైపు గ్లౌజు ఎత్తి చూపించాడు. కుట్టు నిలిచింది. తర్వాతి వారం వెళ్లిపోయాడు. నాతో మాట్లాడే ఒక్క మనిషీ పోయాడు.

గదిలో మాట పాకింది. అన్న చెప్పాడో, అన్న మొహం చూసి వాళ్లే లాగారో. ఇంజనీరు పోయాక వచ్చిన శనివారం పొద్దున లేచేసరికి నా మంచం కింద మూడు జతల తెగిన చెప్పులు. మిగతా ముగ్గురూ పెట్టి డ్యూటీకి పోయారు, ఒక్క మాటైనా అడగలేదు. వాటిని తీసి తలుపు బయట వరసగా పెట్టాను.

సాయంత్రం వాళ్లలో ఒకడు నా మీదికి లేచాడు. "కుట్టలేదేందిరా?"

"మీరు అడగలే."

"అడుగుడేందిరా? నీ పనే గది!"

"నా పని గ్రౌండు కాడ."

అన్న మంచం మీద నుంచి, "అడిగితే నోరేం అరిగిపోతదిరా మీకు?" అన్నాడు. ఎవరూ అడగలేదు. ఇద్దరు గది మార్పించుకున్నారు. మూడోవాడు ఉన్నాడు గానీ నాతో మాట్లాడడం మానేశాడు. నాలుగు నెలలకు అన్న కూడా ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం పూర్తిగా వదిలేసి, ఇంటికి పోయాడు.

తర్వాతి ఏళ్లూ ఒంటరిగానే గడిచాయి, బాగా గడిచాయని చెప్పను. కొత్తవాళ్లు వచ్చినప్పుడు మాత్రం వాళ్లు అడగకముందే చెప్పేసేవాణ్ణి, మా నాయిన చెప్పులు కుడ్తడు అని. కొందరు మంచం దూరంగా జరుపుకున్నారు. కొందరు జరుపుకోలేదు.

నాకు వచ్చింది ఇంతే. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒకచోట రాసింది ఇంకోచోట మళ్లీ రాసి ఉంటాను. చదివిన పెద్దలు తప్పులు దిద్దుకుని చదువుకుని, నన్ను మన్నించండి.