ణంగుమన్న కట్టె

మొన్న మంగళవారం పొద్దున మా అత్తగారు పోయారు. కోవిల్‌పట్టి పక్కన మా ఊళ్లో, దొడ్లో కట్టెల దొంతి పక్కన ఎండలో కూర్చుని ఉండగానే ప్రాణం పోయింది. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు.

నా పుట్టిల్లు విరుదుపట్టి. ఇప్పుడు విరుదునగరం అంటున్నారు లెండి. అక్కడ కట్టెలు బండిమీద వాకిట్లోకే వచ్చేవి. వాటిలోనూ మంచీ చెడూ ఉంటాయని కాపురానికి వచ్చేదాకా నాకు తెలియదు. ఆ ఏడే ఐప్పసి నెల వానల్లో నా తెలివి బయటపడింది. దొంతి దాకా పోవడానికి బద్ధకించి, గుమ్మం దగ్గర పడున్న పచ్చితుమ్మ పొయ్యిలో పెట్టాను. ఇల్లంతా పొగ. ఊది ఊది నా కళ్లు వాచాయి. అత్తగారు తడుముకుంటూ వచ్చి, నా జబ్బ పట్టి బయటికి లాగారు.

"ఏమే, కండ్లు వద్దా నీకు? నన్ను సూడు!"

అప్పటికే ఆమెకు మనుషులు మసకగా కనబడేవారు. వయసులో ఏ కట్టె దొరికితే అది పెట్టి ఊదారట. చూపు ఆ పొగకే పోయిందని ఆమె నమ్మకం. ఆ రోజు నన్ను చూరు కింద నిలబెట్టి, అదే పొగలో కూర్చుని తానే సజ్జ సంకటి దించారు. చెప్పొద్దూ, నాకు అప్పుడు కోపమే వచ్చింది.

మర్నాటి నుంచి నాకు పాఠం మొదలు. పంగుని నెల ఎండల్లో తుమ్మ కొట్టించి, చెదలు పట్టకుండా బెరడు ఒలిపించి, చీల్చి, రాళ్లమీద గాలి ఆడేలా పేర్చి, వానలకు ముందు తాటాకు కప్పేవారు. ఈ ఏడు కొట్టింది వచ్చే ఏడుకి. అప్పుడు కూడా రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టి చెవి పెట్టేవారు.

"ఇను. ణంగుమంటే ఎండిండాది. దబ్బుమంటే లోపల నీల్లుండాయి, తిరిగీ ఎండకి పెట్టు. కొస సూడు, మన కరిసల్ నల్లనేల మాదిరి నెర్రెలిచ్చిందా?"

"ప్రతి కట్టెకూ ఇంత విచారణా అత్తా?" అన్నాను ఒకసారి.

"పెండ్లికొడుకును మటుకు ఊరంతా ఇసారించి కదే మీ నాయన ఒప్పుకునింది!"

చూపు పూర్తిగా పోయాక కూడా ఆమె చెవి తప్పలేదు. నా ఈడువాళ్లు పొయ్యి ముందు కళ్లు తుడుచుకుంటుంటే, నేను ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఇది ఆమె పెట్టిన భిక్షే.

తనకంటూ ఆమె అడిగింది ఒక్కటే. "నన్ను తీస్కపోయేపుడు పచ్చికట్టె ఎయ్యనీకు. నా కొడుకు కండ్లు మండుతాయి."

మంగళవారం మగవాళ్లు తొందరలో, గోడవార కొత్తగా కొట్టి వేసిన తుమ్మ బండికెత్తుతున్నారు. వాళ్ల ముందు ఎన్నడూ నోరెత్తనిదాన్ని, "ఆగండి!" అని అరిచాను. ఎత్తింది దింపించి, దొంతి ముందు కూర్చుని ఒక్కో కట్టే కొట్టి విన్నాను. వాకిట్లో ఏడ్చేవాళ్లు కూడా ఏడుపు ఆపి చూశారు. ణంగుమన్నవే బండికెత్తించాను. రెండు మాత్రం దబ్బుమన్నాయి.

సాయంత్రం మా ఆయన తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "పొగే రాలేదే" అన్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

దబ్బుమన్న ఆ రెండు కట్టెలూ దొంతి మీద ఎండ తగిలేచోట పెట్టాను, వచ్చే ఏడుకి.