ఏనుగు స్నానానికి వన్స్ మోర్

చిత్తూరులో ఒక ఇంగ్లీషు బొమ్మల సినిమా ఆడిన రెండు వారాలూ, ఇంగ్లీషు ముక్క రాని పిల్లలు కూడా అందులోని ఏనుగు స్నానం పాటే కూనిరాగం తీశారు. నేను అప్పుడే టీచరుగా చేరాను. ఆ పాటకు తెలుగు మాటలు రాసి, స్కూలు వార్షికోత్సవంలో సంగీత నాటకంగా ఆడిస్తానని అందరి ముందూ గొప్పలు పోయాను. తీరా చూస్తే హార్మోనియం వాయించడానికి మా నాయన తప్ప ఎవరూ దొరకలేదు. ఆయనేమో ముప్పై ఏళ్లుగా పౌరాణిక నాటకాలకు తప్ప పెట్టె తెరవని మనిషి.

"కృష్ణుడికి వాయించిన చేత్తో ఏనుక్కి వాయించల్లా?" అన్నాడు.

"వినాయకుడిదీ ఏనుగు తలే కదా నాయనా."

"ఆయన నీళ్లు పోసుకుంటా పాటలు పాళ్లేదు మే."

మూడు రోజులు బతిమాలితే ఒప్పుకున్నాడు. అదీ ప్రతి చరణం చివరా మోహన రాగం తీయాలన్న షరతు మీద. రెండు నిమిషాల పాట ఎనిమిది నిమిషాలైంది. నాకు ఒళ్లు మండింది, అయినా నోరు మూసుకున్నాను. నేను రాసిన మొదటి పాట ఆయనకు నచ్చాలని చచ్చేంత ఆశ. నచ్చిందా అని అడిగే ధైర్యం మాత్రం లేదు.

ఏనుగు మా డ్రిల్లు మాస్టరు. గోనెసంచులు కుట్టిన ఒళ్లు, సైకిల్ ట్యూబు తొండం. వార్షికోత్సవం నాడు పాట అయిందో లేదో జనం "వన్స్ మోర్" అని అరిచారు. పద్యనాటకాలు చూసి పెరిగిన ఊరు మరి. ఆ మాట పడిందంటే చచ్చిపడున్న పాత్రయినా లేచి మళ్లీ పాడాల్సిందే. ఏనుగు రెండోసారి స్నానం చేసింది. ఈసారి చప్పట్లు కొట్టారు. మాస్టరు బతుకుజీవుడా అని తెర వైపు అడుగేశాడు. నాయన మళ్లీ పల్లవి ఎత్తుకున్నాడు.

"ఇడిసిపెట్టన్నా, ఉడికిపోతా ఉండాను," అని గోనెలోంచి గొణిగాడు మాస్టరు.

"వన్స్ మోర్ పడిందప్పా, పాడు."

పాపం, పాడాడు. దిగీదిగగానే నీళ్ల కుండ దగ్గరకు పరుగెత్తాడు.

ఇంటికి నడుస్తూ నాయనతో తగువు పెట్టుకున్నాను.

"రెండోతూరి వన్స్ మోర్ అన్నిందెవురు నాయనా? నాకు చప్పట్లే వినపడినాయి. ఆయప్ప సగం చచ్చినాడు!"

నాయన పెట్టెను ఒక భుజం మీద నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"నేనే అనుకున్నా మే, మనసులో. ఇన్నేండ్లుగా వాయిస్తా ఉండా, ఇంగోసారి వినాలని నాకనిపించింది ఈ పాటకే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"డ్రిల్లు మాస్టరుకు మాత్రం సెప్పొద్దు."