అందరూ ఆయ్ అన్నారు

రేపు ఇంకెవరైనా మలికిపురంలో పిల్లల్ని ఇలాంటి ప్రశ్నలే అడిగి, జవాబులు విని నాలా సంబరపడకూడదని ఇది రాస్తున్నాను.

పిల్లల పెంపకం మీద మా లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివాను. బిడ్డల్ని కొట్టాలన్న ఆలోచన పెళ్ళికి ముందే పోవాలని, ఇంటర్ చదివేవాళ్ళను ఓ మధ్యాహ్నం అక్కడే కూర్చోబెట్టి అడిగాను.

"బిడ్డ మాట వినకపోతే కొట్టకుండా నచ్చజెప్పాలి కదా?"

"ఆయ్," అన్నారు అందరూ. ముందు వరసలో అమ్మాయి, "కొడితే భయమే గానీ బుద్ధి రాదండి," అని కూడా అంది. ఆ మాటకు పొంగిపోయాను.

సాయంత్రం ఆ అమ్మాయి వాళ్ళ ఇంటి మీదుగా వస్తుంటే, తను కొబ్బరి ఈనెతో నాలుగేళ్ళ చెల్లెల్ని కాళ్ళ మీద కొడుతోంది. పక్కన అన్నం గిన్నె ఉంది.

"ఇందాక అలా చెప్పేవు కదమ్మా?"

"పెద్దవారు అడిగితే కాదంటామేంటండి?" అంది, నాకు కుర్చీ వేస్తూ. "మా అమ్మ నన్నూ ఇలాగే పెంచిందండి. రేపు నా పిల్లలకైనా ఇంతేనండి. కూర్చోండి, టీ పెడతాను."

చిన్నపిల్ల ఏడుపు ఆపి గబగబా ముద్ద మింగింది.

"చూసేరా, తింటోంది," అంది అక్క.

పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రేరియన్ గారికి, ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు, టీ ఇచ్చిన ఆ అమ్మాయికి నా కృతజ్ఞతలు. ఆ చిన్నపిల్లకు మాత్రం నావల్ల ఏ మేలూ జరగలేదు.