కోటలో కట్టిన ఉయ్యాల

పెన్నేరు మీది పాత కొండకోటకు వెళ్లి రమ్మని అమ్మ అన్నప్పుడు ఖస్సుమన్నాను. పెళ్లయినప్పటి నుంచి పిల్లల కోసం మేం తిరగని ఆసుపత్రి లేదు, మొక్కని రాయి లేదు. మొన్న డాక్టరమ్మే ఇక వద్దని చెప్పేసింది. ఇప్పుడు కోట ఒక్కటే తక్కువైంది మాకు.

"కోట గుళ్లో దేవుడు లేకపోయినా ఆడ సత్తెముండాదప్పా. కట్టుకున్న కోక చించి చెట్టుకు ఉయ్యాల కట్టి రాండి. బిడ్డ పుట్టినాక పోయి ఇప్పి రావల్ల" అంది అమ్మ.

నా భార్య కట్టుకుని రావడానికి ఆకుపచ్చ చీర ఒకటి బయటికి తీసింది. ఇక నేను కారు తీయక తప్పలేదు.

బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఇంటి నుంచి తెల్లవారకముందే బయలుదేరినా ఎండ ముదిరాకే చేరాం. బురుజులు కూలి రాళ్లగుట్టలయ్యాయి. గర్భగుడిలో ఉత్త పీఠం, గబ్బిలాల కంపు. ఎక్కడో దిగువన నది కదలకుండా పడి ఉంది. తన కోటనే కాపాడుకోలేని దేవుడు మాకేం ఒరగబెడతాడనిపించింది.

గుడి పక్కన వేపచెట్టు నిండా వెలిసిపోయిన పేలికల ఉయ్యాలలు. నా భార్య కొంగు చించి, అందులో గులకరాయి పెట్టి, ఒక కొమ్మకు కట్టింది. వేలితో మెల్లగా ఊపింది. చాన్నాళ్లకు ఆమె నవ్వడం చూశాను. సిగ్గు విడిచి చెప్తున్నా, నాకూ ఆశ పుట్టింది.

గోడ నీడలో చిత్రాన్నం తింటుంటే ఒక ముసలమ్మ, పసిబిడ్డను ఎత్తుకున్న కూతురితో వచ్చింది. మొక్కు తీరింది, ఉయ్యాల విప్పాలి. తమది ఏదో వాళ్లు గుర్తుపట్టలేకపోయారు. ముసలమ్మ ఒక్కో ముడీ లాగి చూసింది. వానకూ ఎండకూ బిగుసుకుపోయి ఒక్కటీ రాలేదు. మేం కట్టిన ముడి మాత్రం పట్టుకోగానే ఊడిపోయింది.

"ఏదో ఒకటిలేమ్మే, మన మొక్కు తీరిపాయ" అని ముసలమ్మ అందులోని రాయిని లోయలోకి విసిరేసింది.

తిట్టిపోద్దామనే లేచాను. నా భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"మళ్లా కడదాం రా. చీర ఇంకా ఉండాది గదా" అన్నాను.

"వద్దప్పా, కూర్చో. బిడ్డ పుడితే గదా మనం వచ్చి ఇప్పేది. వాళ్లే ఇప్పేసినారు. ఇంగ ఈడికి రావల్సిన పన్లేదు" అంది.

ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. నాకు భయమేసింది. తినకుండా మిగిల్చిన అన్నం మీద మూత పెట్టి, లేచి కారు వైపు నడిచింది.