జ్ఞానతల్లి ఇచ్చిన వెండి

అప్పొలోనియా చేతులు చూస్తే పిల్లలు జడుసుకునేవారు. ఇరవై ఏళ్లు మా నగర టంకశాలలో నాణేలు తెల్లబరిచిన చేతులవి. ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకునే పులుపు, ఉప్పు కలిపి మరిగించిన నీళ్లలో వేసి దేవితే నాణెం పైకి వెండిలా మెరుస్తుంది. లోపల ఏముందో బయట చెప్పకూడదని ఆమె చేత బైబిలు మీద ఒట్టు వేయించుకున్నారు.

నా కూతురు ఓటిలీని జ్ఞానస్నానంలో చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి ఆమే. ఆ రోజు బరువైన పాత వెండి నాణెం, టాలర్ ఒకటి ఇచ్చింది. దాన్ని పిల్ల మెడలో కట్టాను.

యుద్ధం మొదలైన మూడో ఏడు, పాత టాలరుకు ఎనిమిది కొత్తవి ఇస్తామంటూ మారకం వాళ్లు వీధి వీధికీ దిగారు. నేను నేతగాడి విధవను. చలికాలం ముంచుకొస్తోంది. ఆశ పుట్టదా మరి?

"అక్కా, మార్చెయ్యనా?" అని అప్పొలోనియాను అడిగాను.

ఆమె ముఖం పాలిపోయింది. "వద్దే కునీ. జ్ఞానస్నానపు వెండి అమ్మితే పిల్లకి అరిష్టం."

"అబ్బో! నువ్విచ్చావని అంత పట్టింపా? నాకు నాలుగు డబ్బులొస్తుంటే నీ కడుపెందుకు మండుతోంది?"

"నీ కాళ్లు పట్టుకుంటా, ఇంకేం అడక్కు. దాన్ని మాత్రం ఉంచెయ్."

అడగలేదు. మర్నాడే మార్చేశాను. నా బుద్ధి గడ్డి తింది.

నెల తిరిగేసరికి చేతులు తగిలి తగిలి ఎనిమిదీ ఎర్రబడ్డాయి. అంతా రాగే. అప్పుడే ఓటిలీకి జ్వరం పట్టుకుంది. మందుల దుకాణం ఆయన వాటిని బల్ల మీంచి తోసేశాడు. "వీటితో నీ బొచ్చెకి మాటు వేయించుకో తల్లీ!" అన్నాడు. అప్పొలోనియాకు జీతంగా ఇచ్చేదీ ఆ డబ్బే, ఆమె దగ్గరా మందుకి చెల్లే నాణెం లేదు. ఐదో రోజున పిల్ల పోయింది.

మా దగ్గర పోయిన పిల్లకు ఆఖరి చొక్కా జ్ఞానతల్లే తొడగాలి. రాత్రంతా కూర్చుని కుట్టి తెచ్చింది. గుమ్మంలోనే నిలబెట్టేశాను.

"నీకు తెలుసు! నీ చేత్తోనే తెల్లబరిచావు! నా బిడ్డని ముట్టుకోకు!"

ఆమె చొక్కా మడిచి పట్టుకుని వెనుదిరిగింది. ఓటిలీని పాత గౌనుతోనే పాతిపెట్టాం.

ఒకే వీధిలో తొమ్మిదేళ్లు ఉన్నాం, పలకరించుకోలేదు. పోయిన వారం ఆమె పోయింది. నా అన్నవాళ్లు లేరని ఒళ్లు కడగడానికి నన్నే పిలిచారు. సగం వేళ్లకు గోళ్లే లేవు. ఆమె బట్టల పెట్టె తెరిస్తే ఆ చొక్కా, మడత చెడకుండా ఉంది. ఒట్టు తప్పకుండా ఎంత చెప్పొచ్చో అంతా ఆ రోజే చెప్పింది మహాతల్లి. నేనే వినలేదు.

ఓటిలీ పక్కనే గొయ్యి తవ్వించాను. శవపేటిక మూత వేసేముందు చొక్కా ఆమె చేతుల్లో పెట్టాను.

"నువ్వే తొడుగక్కా," అన్నాను.