షాద్లీ నాలుక

నాబుల్ ఊళ్లో మున్‌జియా టీచరు దగ్గర రసాయనశాస్త్రం నేర్చుకోని ఇల్లు తక్కువ. ఇరవై ఆరేళ్లుగా ఆవిడది ఒకటే పాట: "రెండు ద్రావణాలు కలిసినప్పుడు అందరూ పని చెయ్యరురా. కొందరు పెళ్లికొచ్చిన చుట్టాల్లా చూస్తూ కూర్చుంటారు. వాళ్లని రెండువైపులా కొట్టెయ్యండి. మిగిలిందే నికర అయానిక సమీకరణం. నీళ్లలో కరగనిదాన్ని మాత్రం విడదియ్యొద్దు, దాని జోలికి పోవద్దు."

వేసవిలో పక్కింటి కుమ్మరి షాద్లీ గోడమీంచి ఒక తెల్లపొడి చూపించాడు. కాల్చిన కుండలమీద ఉప్పు పూస్తోందని, మట్టిలో కలపమని ఒక వర్తకుడు ఇచ్చిన బేరియం కార్బొనేటు.

"టీచరమ్మా, ఇది నీళ్లలో కరుగుతుందా?"

"కరగదు బాబాయ్. రాయిలా అడుక్కి పోతుంది."

"అయితే భయం లేదన్నమాట."

ఆవిడ నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

నాలుకనే తక్కెడగా వాడే వృత్తులు లోకంలో చాలా ఉన్నాయి: ఉప్పు పండించేవాడు, నూనె కొనేవాడు, తేనె బేరమాడేవాడు. వాళ్లయినా ఉమ్మేస్తారు. షాద్లీ ఉమ్మడు. జల్లించిన బురద మెత్తబడిందో లేదో చిటికెడు పళ్ల మధ్య నూరి చూసి మింగేస్తాడు. మట్టిని ఉమ్మినవాడి కుండ బట్టీలో పగులుతుందని వాళ్ల నాన్న నేర్పిన భయం అది.

ఒక గురువారం పొద్దున షాద్లీ భార్య జోహ్రా కేకలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "వాంతులు, టీచరమ్మా! ఆస్పత్రిలో వేశాం. కాళ్లు తనవి కావంటున్నాడు! ఎప్పట్లాగే బురద రుచి చూసి మింగాడు, అంతే!"

మున్‌జియా గోడవతలికి చూసింది. వరసగా తొమ్మిది బురద తొట్లు, పక్కన సగం ఖాళీ అయిన తెల్లపొడి సంచీ.

"ఎన్ని తొట్లు రుచి చూశాడు?"

"అన్నీ. నిన్నంతా అదే పని."

ఆవిడ ఇంట్లోకి పరుగెత్తింది. కడుపులో ఉండేది నీళ్లు కాదు, ఆమ్లం. కాగితం తీసుకుని రాసింది. కార్బొనేటు, హైడ్రోజన్ అయాన్లు కలుస్తాయి. వాయువు పోతుంది, నీరు మిగులుతుంది, బేరియం అయాన్ విడిపోతుంది. క్లోరైడు చూస్తూ కూర్చుంటుంది. దాన్ని కొట్టేశాక కాగితం మీద మిగిలింది విషమే. అది రక్తంలోకి చేరితే కండరాలు చచ్చుబడతాయి. ముందు కాళ్లు, తరవాత చేతులు, ఆ తరవాత ఊపిరి. కింద ఇంకో వరస: బేరియం అయాన్, సల్ఫేటు అయాన్ కలిస్తే ఆమ్లంలోనూ కరగని తెల్లని మడ్డి, ఒంటికి పట్టదు.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు పాడైన చేప తిని ఉంటాడని అనుకుంటున్నాడు.

"మీరెవరమ్మా?"

"పాఠాలు చెప్పేదాన్ని. ఇది చదవండి. త్వరగా."

చదివేసరికి అతని మొహంలో రక్తం ఇంకిపోయింది. సల్ఫేటు తెమ్మని, రక్తంలో తగ్గిపోయిన పొటాషియం ఎక్కించమని నర్సుని కేకేశాడు. తరవాత చిన్నగా అన్నాడు: "కడుపులో ఉన్నదాన్ని పట్టుకోగలం. రక్తంలోకి పోయినదానికి ఎదురుచూడాల్సిందే."

మధ్యాహ్నమంతా మున్‌జియా షాద్లీ ఊపిరులు లెక్కపెడుతూ కూర్చుంది. ఒకటి ఆలస్యమైతే తనదీ ఆగేది. కరగదు అన్న తన మాటే చెవుల్లో తిరుగుతోంది. సాయంత్రం ప్రార్థన పిలుపు వినిపించే వేళకి షాద్లీ వేళ్లు కదిలాయి.

"జోహ్రా... బట్టీ..."

"బట్టీ బుగ్గిపాలుగానీ, నోర్మూసుకో ముసలోడా!" అంటూ జోహ్రా ఏడ్చేసింది.

మున్‌జియా దగ్గరికి వంగింది. "తప్పు నాదే బాబాయ్. కరగదని చెప్పి వదిలేశాను."

"నేనడిగింది నీళ్ల గురించేగా తల్లీ. నాలుక సంగతి నీకెప్పుడు చెప్పాను?"

ఆ మాటతో గుండె తేలికపడలేదు. ఆవిడకి కొత్త భయం పుట్టింది.

"బాబాయ్, ఈ నలభై ఏళ్లలో ఇంకేమేం రుచి చూశావ్?"

అతను కళ్లు మూసుకుని తాపీగా ఏకరువు పెట్టసాగాడు. పచ్చరంగు, పసుపురంగు, నల్లది, గాజుపూతలో వేసే సీసం పొడి, అది కొంచెం తియ్యగా ఉంటుంది...

మున్‌జియా నర్సుని ఇంకో కాగితం అడిగింది.