కింద నుంచి గీసిన సాలీడు

"...చంపితే గానీ పేరు చెప్పలేనంటే ఎలా సార్? చచ్చాక మీరు పెట్టే పేరు దానికెందుకు?"

"దానికి కాదండీ, మనకి! సోమవారం ఇన్‌స్పెక్షన్ వాళ్లొచ్చి ఇదేంటని అడిగితే, లోవలక్ష్మిగారి పెంపుడు పురుగని చెప్పనా?"

"చెప్పండి. అబద్ధం కాదుగా."

రాజమండ్రిలోని ఒక డిగ్రీ కాలేజీ, జంతుశాస్త్రం లేబ్. ఒకరు లేబ్ అసిస్టెంట్ లోవలక్ష్మి, ఇంకొకరు ఆ ఏడాది, అంటే 2001లో, బదిలీ మీద వచ్చిన లెక్చరర్ శివరామకృష్ణ. ఇద్దరి మధ్యా బల్ల మీద గాజు తొట్టి. అందులో బెరడు ముక్కని కరుచుకుని అరచేయంత సాలీడు.

మూడేళ్ల కిందట విద్యార్థులు మారేడుమిల్లి అడవి నుంచి తెచ్చిన బెరడు గోతంలో వచ్చిందది. అప్పటికి రూపాయి బిళ్లంత ఉండేది. పిల్లలు చెప్పులు తీశారు. లోవలక్ష్మి బీకరు తెచ్చి దానిమీద బోర్లించింది. డిసెక్షన్ కోసం తెప్పించే బొద్దింకల్లోంచి వారానికి రెండు దానికి వేసేది. ఒకరోజు అది వెల్లకిలా పడి కదలకపోతే, చచ్చింది పారేయమన్నారు అందరూ. సాయంత్రం దాకా ఆమె ఎవరినీ తొట్టి ముట్టుకోనివ్వలేదు. చీకటి పడే వేళకి అది కుబుసం విడిచి, కొత్త కాళ్లతో లేచి కూర్చుంది.

ఆమె తండ్రి పల్లంరాజు ఆ కాలేజీలోనే అటెండరు. ఆయన పోయాక, ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న కూతురికి పంతొమ్మిదో ఏట ఉద్యోగం ఇచ్చారు. ఇరవై రెండేళ్లయింది. కప్పని మైనం పళ్లెంలో ఎలా గుచ్చాలో, చచ్చిన పాము కుళ్లకుండా ఫార్మలిన్ ఎక్కడ ఎక్కించాలో కొత్త లెక్చరర్లకి ఆమే చూపించేది. మ్యూజియంలో సీసాల మీది లాటిన్ పేర్లన్నీ ఆమె దస్తూరీ. పేరు మీద అనుమానముంటే, చెప్పింది ఎవరైనా సరే, సీసాకి చీటీ అంటించేది కాదు.

శివరామకృష్ణ కఠినుడేం కాదు. ఎక్కడి నుంచో పుస్తకం తెప్పించి మూడు సాయంత్రాలు ఆ తొట్టి ముందే కూర్చున్నాడు.

"ఇది చూడండి. ఈ రకం సాలీళ్లు నాలుగైదు జాతులున్నాయి. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే, బూడిద రంగు, వీపు మీద ఆకులాంటి మచ్చ. తేడా అంతా కాళ్ల కింద, పొట్ట కింద ఉంటుందంట. బతికున్నదాన్ని తిరగేసి ఎలా చూస్తాం?"

"దాన్ని తిరగెయ్యడం ఎందుకు సార్? మనమే కిందికెళ్తే పోలా?"

బీరువాకి ఊడిన గాజు పలక ఒకటుంటే, తుడిచి రెండు స్టూళ్ల మీద పరిచింది. రంగుల బ్రష్షుతో సాలీడుని మెల్లగా పలక మీదికి నడిపించి, పైన గాజు గిన్నె బోర్లించింది. కొంగు బిగించి, నేల మీద వెల్లకిలా పడుకుని, టార్చి వేసి పక్కన నిలబెట్టింది.

"లోవలక్ష్మిగారూ, ఎవరన్నా చూస్తే బాగోదండీ."

"చూస్తే వాళ్లనీ పడుకుని చూడమనండి. నాకో పెన్సిలివ్వండి సార్."

రికార్డు పుస్తకాల్లో విద్యార్థులు ఏ జంతువునైనా పైనుంచే గీస్తారు. ఇన్నేళ్లుగా ఆమె దిద్దినవీ అవే. ఇప్పుడు కాగితం పెట్టిన అట్టని మొహం మీదికి ఎత్తి పట్టుకుని, ఒక్కో కాలూ లెక్కపెట్టుకుంటూ నలభై నిమిషాలు గీసింది. రంగులు వెయ్యలేదు, పక్కన రాసింది: ముందు రెండు జతలు నిమ్మపండు పసుపు, నల్ల పట్టీలు. వెనక కాళ్లు బూడిద. పొట్టకి అడ్డంగా ఒక తెల్లటి పట్టీ.

శివరామకృష్ణ బొమ్మని పుస్తకం పక్కన పెట్టాడు. ఆ పేజీ రెండుసార్లు చదివాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, తనూ నేల మీద పడుకుని చూశాడు.

"అడ్డ పట్టీ ఉంది. పీసిలోథీరియా రీగాలిస్. అనుమానం లేదండి, రాసేయండి."

లేచి ప్యాంటు దులుపుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"మన మ్యూజియంలో ఇలాంటిది లేదు. పేరు తెలిశాక ఇంక దీని విలువే వేరు. ఆ పెద్ద జాడీ కడిగించండి, రేపు పొద్దున్నే ఫార్మలిన్‌లో పెట్టేద్దాం."

లోవలక్ష్మి గిన్నె కిందికి ఒక అట్టముక్క తోసి, సాలీడుని తిరిగి తొట్టిలో దింపింది. మూత బిగించింది. నల్ల సిరాతో బొమ్మ కింద పేరు రాసి, ఆరేదాకా ఊది, ఆయన చేతికిచ్చింది.

"మ్యూజియంలో ఇది పెట్టుకోండి సార్. దాన్ని సాయంత్రం నాతోపాటు మా ఇంటికి తీసుకుపోతున్నాను."